ఇంటికి ఒక్క ఓటు

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆగస్టు 23, 2010

వేదక్కకు మనోరమ నమస్కారాలు.

పదో తరగతి పరీక్షల తర్వాత కిరాణా చీటీలు తప్ప నేను కలంతో రాసిందేమీ లేదు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. మా ఫోను హాల్లో ఉంది. సాయంత్రమైతే కింది వాటాలోంచి బావగారు వచ్చి ఆ హాల్లోనే కూర్చుంటారు. సెల్లు ఈయన జేబులో ఉంటుంది. ఇప్పుడు నేను చెప్పవలసింది బావగారి గురించే. అందుకని రెండు రోజులు ఆగి, చివరికి మా మాధురిని కాగితాలు అడిగాను. "ఎవరికి అత్తమ్మా?" అంది. వేదక్కకు అన్నాను. ఇంకేమీ అడగకుండా తన ఆఫీసు కాగితాలు తెచ్చి ఇచ్చింది. నా కోడలిలో నాకు నచ్చేది అదే.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి అశోక్‌నగర్‌లో మన లలితా మహిళా మండలి హాలు నిండిపోయింది. సహస్రనామం పూర్తయి, శనగలు పంచుతున్న వేళకు బావగారు లడ్డూల డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు.

"అమ్మా, మీ మంచికే ఒక మాట చెప్తున్న. మండలి రూల్సు పాతబడ్డయి. జర మార్చుకోవాలె. కార్తీకంల జనరల్ బాడీ పెడదాం" అన్నారు.

మార్పులేమిటో కాగితం చూసి చదివారు. ఇక మీదట ఇంటికి ఒక్కటే ఓటట. అది ఇంటి యజమాని పేరు మీద ఉంటుందట. ఆయనకు వీలు కాకపోతే భార్యను పంపవచ్చట. కిరాయి ఇళ్ళలో ఉండేవాళ్ళూ, మగదిక్కు లేనివాళ్ళూ సభ్యులుగా ఉండవచ్చు గాని వాళ్ళకు ఓటు ఉండదట. అధ్యక్షురాలిని మనం ఎన్నుకోవడం కాదు, సలహాదారు నియమిస్తారట. సలహాదారంటే ఆయనే కదా! మా అత్తగారు హాలుకు స్థలం ఇచ్చినప్పుడు, పెద్దకొడుకు సలహా చెప్పాలని ఒక్క మాట రాయించింది. నువ్వు అధ్యక్షురాలిగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట కాగితం మీదే ఉంది. నువ్వు తెనాలి వెళ్ళి ఏడాదయింది. నీ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ముందు దాని పక్కన కూర్చున్నారు, ఇప్పుడు అందులో కూర్చుంటున్నారు.

అందరం తలలు వంచుకుని శనగలు చూసుకుంటుంటే, పూలమ్మే కమలవ్వ లేచింది.

"సారూ, నాకు ఇంటాయన లేకపాయె, ఇల్లు కిరాయిదాయె. నేను ఎవ్వని పేరు మీద రావాలె?"

"నిన్ను ఎవరు రావద్దన్నరు కమలవ్వా? భజనకు రా. ప్రసాదం తీస్కపో."

"ప్రసాదం గుళ్ళె గూడ పెడ్తరు సారూ. దానికి నారాయణగూడ నుంచి ఇంత దూరం ఎందుకు?"

ఆడవాళ్ళు నవ్వారు గాని, ఆ నవ్వు గుమ్మం దాటలేదు. బావగారు నా వైపు చూసి, "అత్త ఒకటి వేసి కోడలు ఒకటి వేస్తే ఇల్లు ఏమైతది చెప్పు మనోరమా?" అన్నారు. లడ్డూ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మార్చిలో ఆడవాళ్ళకు మూడోవంతు సీట్ల బిల్లు ఢిల్లీలో పెద్దల సభ దాటిందని టీవీలో చూసి మిఠాయి తెచ్చింది కూడా ఈ బావగారే. అక్కడ రాజ్యాంగం మార్చి ఇస్తామంటున్నారు. ఇక్కడ మన చిన్న రాజ్యాంగం మార్చి ఉన్నది తీసుకుంటామంటున్నారు.

అక్కా, మిగతావి పోయినా నేను ఇంత భయపడేదాన్ని కాదేమో. ఓటు ఇకనుంచి చేయెత్తి చెప్పాలట. చదువు రాని ఆడవాళ్ళ కోసం మనవాళ్ళు పెట్టిన పద్ధతి ఎంత చక్కనిది! ప్రతి ఒక్కరికీ ఒక పసుపు కొమ్ము, ఒక వక్క. సరేననుకుంటే పసుపు కొమ్ము, వద్దనుకుంటే వక్క. కొంగు కప్పుకుని బిందెలో వేయడమే. పోయినసారి కుట్టు మిషన్ల సంగతిలో మాధురి ఏది వేసిందో నాకు ఈనాటికీ తెలియదు. నేనేది వేశానో ఆమెకూ తెలియదు. ఇద్దరం ఒకే ఆటోలో ఇంటికి వచ్చి ఒకే పొయ్యి మీద వంట చేసుకున్నాం. ఇల్లు ఏమీ కాలేదు. అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఈయన చెప్పిన గుర్తుకు వేస్తాను. పెళ్ళిళ్ళూ పేరంటాలూ పెద్దవాళ్ళు నిర్ణయిస్తారు. నా మాట లెక్కలోకి వచ్చేది ఆ ఒక్క బిందెలోనే.

మా పాలివాళ్ళ ఆడవాళ్ళం ఎనిమిది ఇళ్ళ వాళ్ళం ఉన్నాం మండలిలో. పైకి ఎవరూ నోరెత్తరు గాని లోపల ఒక్కరికీ ఇష్టం లేదు. వంటింట్లో మాట్లాడుకున్నాం. బిందె పెడితే చాలు, మేమంతా వక్కే వేస్తాం. రూలు మారాలంటే వచ్చినవాళ్ళలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి కదా, మేమే చాలు ఆపడానికి.

నువ్వు శాశ్వత సభ్యురాలివి. ఆ రోజుకు రా అక్కా. నువ్వుంటే నాకు మాట వస్తుంది.

నీ
మనోరమ


తెనాలి
సెప్టెంబర్ 6, 2010

సౌభాగ్యవతి మనోరమకు వేదవతి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మేమిద్దరం క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను.

మండలి విషయం రాశావు. నర్సింగ్ రావుగారు పెద్దవారు, అనుభవం ఉన్నవారు. స్థలం ఇచ్చిన కుటుంబం వారిది. వారు ఏం చేసినా ఆలోచించే చేస్తారు. ఇంట్లో గొడవలు తెచ్చుకోవద్దు. కాలం మారుతున్నప్పుడు నిబంధనలు కూడా మారవలసి వస్తుంది. నేను ఊరు విడిచి వచ్చినదాన్ని, అక్కడి సంగతుల్లో తల దూర్చడం భావ్యం కాదు. ప్రయాణం చేసే ఓపిక కూడా లేదు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. మీవారు కిషన్ రావుగారికి మా నమస్కారాలు చెప్పగలవు.

ఇట్లు
వేదవతి


చిక్కడపల్లి
సెప్టెంబర్ 27, 2010

వేదక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అక్షరాలు నీవే. "భావ్యం" అనే మాట నీ నోట నేనెప్పుడూ వినలేదు. నేనేమైనా తప్పు రాశానా? నువ్వు ఇక్కడివాళ్ళ మీద అలిగి వెళ్ళలేదు కదా? ఈ ఏడాదిగా నడుస్తున్న తెలంగాణ గొడవల్లో మావాళ్ళెవరైనా నిన్ను ఏమైనా అని ఉంటే, ఆ మాట నాది కాదక్కా.

ఇంకొకటి. పోయిన ఆదివారం బావగారు మా హాల్లో టీ తాగుతూ ఈయనతో అన్నారు: "మన ఎనిమిది ఇండ్ల ఆడోళ్ళు వక్కే వేస్తరంట గద. వాళ్ళే చాలంట ఆపనీకి." నేను వంటింట్లో పాలగిన్నె దించుతున్నాను. చేయి కాలింది. అవి నా మాటలు, అక్కా. నేను నీకు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు.

ఈయన రాత్రి నన్ను అడిగారు. "ఎవ్వరితోనన్న అన్నవా?" అన్నారు. వంటింట్లో అనుకున్నామని చెప్పాను. అబద్ధం కాదు. కాని అప్పటినుంచి మా ఆడవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు అని. బావగారి భార్య అనసూయక్కను అందరూ దూరం పెట్టారు, ఆమే చేరవేసిందని. ఆమె ఏమీ అనదు, నీకు తెలుసు కదా. కూరగాయల సంచి పట్టుకుని ఒక్కతే బజారుకు వెళ్ళి వస్తోంది. నేను కూడా రెండు రోజులు ఆమెను అనుమానించాను.

మాధురి మొన్న బాగ్ లింగంపల్లి వెళ్ళింది. నారాయణగూడ మహిళా సంఘం వాళ్ళూ, నల్లకుంట వాళ్ళూ అక్కడ కూర్చుని మాట్లాడుకున్నారట. మన రూల్సు కాగితం నకలు వాళ్ళ సలహాదారుల చేతుల్లో కూడా ఉందట. మన దగ్గర నెగ్గితే వాళ్ళ దగ్గరా పెడతారట. మాధురికి కోపం వస్తోంది. నాకు కోపం రావడం లేదు. లలితా సహస్రనామం చదువుతూ మధ్యలో నామాలు మరిచిపోతున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా కాలేదు.

ఒక్క మాట రాయి. ఏ మాటైనా సరే.

మనోరమ


తెనాలి
అక్టోబర్ 11, 2010

నా మనోరమా,

ఇది నేను రాస్తున్న ఉత్తరం. క్రిందటిది నేను రాయలేదనుకో. చేయి నాది, ఈయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

నీ మొదటి ఉత్తరం పోస్ట్‌మాన్ ఈయన చేతికిచ్చాడు. నేను గుడి నుంచి వచ్చేసరికి విప్పి చదివేశారు. చదివి ఊరుకున్నా బాగుండేది. మీ బావగారూ ఈయనా ఇరవై ఏళ్ళు ఇందిరా పార్కులో కలిసి నడిచిన స్నేహితులు కదా. నా ఎదుటే ఫోన్ చేసి, "మీ మరదలు ఇలా రాసిందండీ, మీరు కాస్త జాగ్రత్త పడాలి" అని వరసగా చదివి వినిపించారు. నేను ఫోను లాక్కోబోయాను. "ఆడవాళ్ళ మధ్య ఏదో చిన్న మాట, దీనికింత రాద్ధాంతమా?" అన్నారు. ఆయనకు నిజంగానే అది చిన్న మాట. చెడ్డవారు కాదు. నా మందులు టైముకు అందిస్తారు. నా ఉత్తరం నాదని మాత్రం ముప్పయ్యేళ్ళలో ఆయనకు తట్టలేదు.

ముందే నీకు తెలియజేయవలసింది. సిగ్గేసింది. ఇన్నేళ్ళు అధ్యక్షురాలినని కుర్చీలో కూర్చుని, మీ అందరికీ ధైర్యం చెప్పినదాన్ని, నా ఇంట్లో ఒక కవరు దాచుకోలేకపోయానని ఎలా రాయను? అనసూయ మీద నింద పడిందని చదివాక ఇక ఆగలేకపోయాను. ఆమెది ఏ పాపమూ లేదు. నువ్వు ఆమెతో మాట్లాడు.

నీ రెండో ఉత్తరం అదృష్టంకొద్దీ నా చేతికే వచ్చింది; ఇక మీదట ఉత్తరాలు మా పక్కింటి బాలత్రిపురసుందరిగారి పేరు మీద రాయి. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. విప్పరు, అడగరు. చిరునామా వెనకవైపు రాశాను.

మనోరమా, చేయెత్తే పద్ధతికి మాత్రం ఒప్పుకోవద్దు. నేను చేరిన కొత్తలో ఒకసారి బిందె దొరక్క చేతులెత్తించాం. ప్రతి చేయీ లేచే ముందు పక్క చేతి వైపు చూసింది. ఆ రోజు నెగ్గినది ఎవరి ఇష్టమో ఇప్పటికీ చెప్పలేను. మిగతా మార్పులు ఏవి పోయినా మళ్ళీ తెచ్చుకోవచ్చు, బిందె పోతే తెచ్చుకోవడానికి దారి ఉండదు.

నేను వస్తాను. ఎలాగో తెలియదు. కార్తీకంలో మా చెల్లెలి ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉందని చెప్పి బయలుదేరాలని చూస్తున్నాను.

నీ
వేదక్క


చిక్కడపల్లి
నవంబర్ 24, 2010

వేదక్కా,

తొందరలో రాస్తున్నాను. మాధురి ఆఫీసుకు వెళ్తూ దీన్ని కొరియర్లో వేస్తానంది.

అనసూయక్కతో మాట్లాడాను. ఉత్తరం సంగతి చెప్పలేదు, నీ ఇంటి మాట బయట పెట్టలేను. "అక్క, ఆ మాట పోయింది నా నుంచే, నీ నుంచి కాదు. అందరికీ చెప్పిన" అన్నాను. ఆమె బీరకాయ చెక్కు తీస్తూ, "తెలుసు, నేను చెప్పలే గద మరి" అంది. అంతే.

కార్తీక పౌర్ణమి దీపాలు వెలిగించి వచ్చిన మర్నాడు జనగామ నుంచి కబురు వచ్చింది. మా దుర్గయ్య మామ పోయాడు. మా మామగారికి పాలివాడు, వయసు నిండిన మనిషి. పది రోజుల మైల. మా ఎనిమిది ఇళ్ళకూ ఉంది.

మీటింగు ఈ ఆదివారమే. మైల తీరేది ఆ తర్వాత. హాల్లో అమ్మవారు ఉన్నది. మైల ఉన్నవాళ్ళం గడప దాటలేము.

నిన్న సాయంత్రం మేము నలుగురం కలిసి బావగారి దగ్గరికి వెళ్ళాం. ఒక్క వారం వాయిదా వేయమన్నాం. ఆయన పేపరు మడిచి, మెల్లగానే చెప్పారు.

"నోటీసు పోయిందమ్మా. తేదీ మారది. మైల మనం తెచ్చుకున్నమా? పైవాడు తెచ్చిండు. మీరు ఇంట్లనే ఉండున్రి. అమ్మవారికి అపచారం చేస్తరా, నువ్వు చేస్తవా మనోరమా?"

నేను అలా చేయనని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మమ్మల్ని ఆపడానికి తాళం అక్కర్లేకపోయింది. నా భక్తే సరిపోయింది.

ఈయన రాత్రి అన్నం ముందు కూర్చుని, "నువ్వు పోతే అన్న ముందట నా మొఖం ఏం గావాలె?" అన్నారు. కోపంగా కాదు, బతిమాలినట్టు. "కింద మీద ఒక్కటే ఇల్లు. పై వాటా ఇంకా నా పేరు మీదికి రాలే" అన్నారు. నేను చారు వడ్డించాను.

మాధురి వెళ్ళి తీరుతానంటోంది. "మైల గియిల నాకు పట్టింపు లేదు అత్తమ్మా" అంటోంది. నాకు పట్టింపు ఉంది. అమ్మవారి ముందుకు మైలతో వెళ్ళి సాధించిన ఓటు నాకు అరగదు. వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ ఓటు ఉండదు. రెండింటి మధ్య నాకు నిద్ర లేదు.

నువ్వు వస్తున్నావా? శనివారం రాత్రి దాకా గేటు చప్పుడు వింటూ ఉంటాను.

మనోరమ


తెనాలి
నవంబర్ 27, 2010

మనోరమా,

రేపు ఆదివారం. ఈ ఉత్తరం నీకు రేపటికి అందదని తెలుసు. అయినా చేతులు ఊరుకోవడం లేదు.

నేను రావడం లేదు. వ్రతం మాట ఈయన నమ్మలేదు. చెల్లెలికి ఫోన్ చేసి కనుక్కున్నారు, అది అమాయకంగా వ్రతం ఏమీ లేదని చెప్పేసింది. నిన్నటి నుంచి మా ఇంట్లో మాటలు లేవు. సంచీ సర్దినది సర్దినట్టే మంచం కింద ఉంది. ఒంటరిగా స్టేషన్‌కు వెళ్దామని పొద్దున గేటు దాకా వెళ్ళాను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, టిక్కెట్ కౌంటర్ దగ్గర ఎప్పుడూ నిలబడలేదని అప్పుడు గుర్తొచ్చింది. నిలబడితే నేర్చుకునేదాన్నే. నిలబడలేదు.

నువ్వు నాకంటే మెత్తని మనిషివి. నిన్ను వెళ్ళమని ఏ ముఖంతో రాయను, వద్దని ఎలా రాయను? నీ దేవుణ్ణీ నీ ఓటునూ ఎదురెదురుగా నిలబెట్టి, ఏదో ఒకటి ఎంచుకోమంటున్నవారే అపచారం చేస్తున్నారని మాత్రం నాకు అనిపిస్తోంది.

ఏం జరిగినా నాకు రాయి. ఏమీ జరగకపోయినా రాయి.

వేదక్క


చిక్కడపల్లి
డిసెంబర్ 6, 2010

వేదక్కా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు గేటు దాకా వచ్చావుగా. నాకు అది చాలు.

మైల తీరింది. తలంట్లు అయ్యాయి, ఇల్లు కడుక్కున్నాం. ఇప్పుడు కూర్చుని మొదటినుంచి రాస్తాను.

శనివారం సాయంత్రం వెంకటేశ్వరస్వామి గుడి బయట, రోడ్డు మీదే నిలబడ్డాను. పంతులుగారు ఇంటికి వెళ్తూ కనిపిస్తే అడిగాను. మైలలో మీటింగుకు పోవచ్చునా అని. ఆయన స్కూటర్ ఆపి ఆలోచించారు. "మైల పూజకమ్మా. సాక్ష్యం చెప్పడానికి మైల ఏముంది? దేవుడున్న గడప దాటకండి, అంతే" అన్నారు. గడప దాటకుండా మీటింగు ఎలా అని మళ్ళీ అడగడానికి నాకు మొహమాటం వేసింది. ఇంటికి వచ్చే దారిలో దానికదే తోచింది. గడపకు ఇవతల మెట్లున్నాయి కదా!

ఆదివారం మా ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళం వెళ్ళి హాలు మెట్ల మీద కూర్చున్నాం. ఈయనకు చెప్పే వెళ్ళాను. "లోపలికి పోను" అన్నాను. ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటున్నారు. గేటు బయట నారాయణగూడ, నల్లకుంట సంఘాల వాళ్ళు పది పన్నెండు మంది వచ్చి నిలబడ్డారు. చివరన అనసూయక్క వచ్చింది. వచ్చి అందరికంటే కింది మెట్టు మీద కూర్చుంది. ఆమె పక్కకు ఎవరూ జరగలేదు, నేను చెప్పినా ఇంకా అనుమానం పోలేదు.

బావగారు అప్పటికే లోపల, అమ్మవారి పటం పక్కన నీ కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి అక్కణ్ణుంచే గట్టిగా అన్నారు.

"ఏంది ఇది? చెప్పిన గద ఇయ్యాల రావద్దని! అమ్మవారున్నది."

మాధురి నోరు తెరవబోతే నేను మోకాలు నొక్కాను. ఆమె మాట్లాడితే పోట్లాట అవుతుంది. నేను మాట్లాడితే ఏమవుతుందో నాకూ తెలియదు, ఎప్పుడూ మాట్లాడలేదు కదా.

"లోపలికి వస్తలేం బావగారూ. మెట్ల మీదనే ఉంటం" అన్నాను.

"మైలల బిందె ముట్టుకుంటరా?"

"మాకు వేరే చెంబు పెట్టున్రి."

"గివన్నీ ఎవరు నేర్పుతున్నరు నీకు? ఆ తెనాలామెనా?"

అప్పుడు నిన్నన్నందుకు వచ్చిందో, ఎందుకు వచ్చిందో, ఒక మాట వచ్చింది. నేను తయారు చేసుకున్నది కాదు. నిజంగా అప్పుడే నాకు తట్టింది.

"బావగారూ, దుర్గయ్య మామ మీకు చిన్నాయన గద. మేము మీ ఇంటికి కోడండ్లమై వచ్చినందుకు మాకు మైల. మీకైతే పుట్టుకతోనే ఉన్నది. మీరు అమ్మవారి పక్కన కూసున్నరు."

ఆయన పటం వైపు చూశారు. అక్కా, ఆయన నటించలేదు. నిజంగా మరిచిపోయారు. మైల అంటే మా ఆడవాళ్ళు ఇంట్లో ఉండే సంగతనే అనుకున్నారు ఇన్నేళ్ళూ. ఆయన ముఖంలో భయం చూసి నాకు జాలేసింది.

"నేను... పని మీద వచ్చిన" అన్నారు.

కమలవ్వ లోపలి నుంచి, "అయ్యో సారూ, పని చేస్తె మైల పోతదా? గట్లయితే మేం పొద్దుందాక పనే చేస్తం గద! పసుపునీళ్ళు తేవాల్నా?" అంది.

గేటు బయటివాళ్ళకు కూడా నవ్వు వినబడింది. ఆయన లేచారు. మేము మెట్ల మీద చీరలు దగ్గరికి లాక్కుని దారిచ్చాం. గేటు దగ్గరికి వెళ్ళి, చెప్పులు వేసుకుని, అక్కడే నిలబడ్డారు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చోలేదు. కుర్చీ ఖాళీ కావడంతో లోపల ఉన్నవాళ్ళలో పెద్దామె సభ నడిపింది. ఈ మార్పులకు ఓటు పాత పద్ధతిలోనే అని ఆమె అనగానే, ఎవరూ కాదనలేదు.

లోపల బిందె తిరిగాక, కమలవ్వ స్టీలు చెంబు పట్టుకుని గడప మీద నిలబడి మెట్ల మీదికి వంగింది. వక్క వేసేటప్పుడు నా గాజులు చెంబు అంచుకు తగిలి చప్పుడయ్యాయి. అనసూయక్క వంతు వచ్చినప్పుడు బావగారు గేటు దగ్గర నుంచి ఆమెనే చూస్తున్నారు. ఆమె తల ఎత్తలేదు. కొంగు కప్పుకుని వేసింది. మన అలవాటు ప్రకారం, వేయకుండా చేతిలో మిగిలినదాన్ని అందరం కొంగున ముడేసుకున్నాం.

"ఆ చెంబు విడిగ లెక్కపెట్టున్రి!" అని బావగారు కేకేశారు. అది జరిగితే మెట్ల మీద ఎవరేమిటో తెలిసిపోయేది.

కమలవ్వ అప్పటికే చెంబును బిందెలో బోర్లించింది. "అయ్యో, చెయ్యి జారె సారూ!" అంది.

మూడింట రెండు వంతులు రాలేదు. మేము ఇంట్లో ఉండిపోయి ఉంటే వచ్చేవి. రూల్సు పాతవే ఉన్నాయి, అక్కా. అధ్యక్షురాలి ఎన్నిక మాఘంలో పెట్టుకుందామని అక్కడే అనుకున్నారు.

సంతోషంగా రాయాలని కూర్చున్నాను, రావడం లేదు. బావగారు మా హాలుకు రావడం మానేశారు. పై వాటా కాగితాలు ఇప్పట్లో కావని ఈయనకు చెప్పారట. ఈయన నాతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నారు. నిన్న మాత్రం, ఏమీ అనకుండా సెల్లు తీసి టీవీ మీద పెట్టి బయటికి వెళ్ళారు. మరిచిపోయారో, పెట్టి వెళ్ళారో అడగలేదు. ఉగాది తర్వాత మళ్ళీ మీటింగు పెట్టిస్తానని బావగారు నల్లకుంట సలహాదారుతో అన్నారని విన్నాం. అప్పుడు మైల ఆయనకు ఉండదు, ఆయన కుర్చీలోంచి లేవనవసరం ఉండదు.

ఒక్క సంగతి ఉంది. చెప్పకూడనిది. ఓటు ఎవరిదో చెప్పకూడదని అందరికంటే ఎక్కువ నమ్మేదాన్ని నేనే. కాని ఇది మోయలేకపోతున్నాను.

మైల తీరిన మర్నాడు పెరుగు తోడుకోసం కిందికి వెళ్ళాను. అనసూయక్క వంటింట్లో కింద కూర్చుని చిన్న రోట్లో ఏదో దంచుతోంది. పక్కన ఆమె విప్పిన చీర ఉంది, ఆదివారం కట్టుకున్నది, ముడి ఊడదీసి. రోట్లో ఉన్నది పసుపు కొమ్ము. ఒక్కటే. పక్క గదిలో బావగారు వార్తలు వింటున్నారు.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆమె దంచడం ఆపలేదు.

"ఏం చూస్తున్నవ్? పసుపు అయిపోయింది" అంది.

"తోడు కావాలె అక్క" అన్నాను.

"గిన్నె అక్కడున్నది. తీస్కో."

తీసుకుని వచ్చేశాను. మెట్లెక్కుతుంటే రోటి చప్పుడు వినబడుతూనే ఉంది. మా ఆడవాళ్ళు ఇంకా ఆమెతో సరిగా మాట్లాడడం లేదు. ఆమె కోసం ఒక్క మాట చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పానంటే ఆమె ఓటు ఆమెది కాకుండా పోతుంది. మింగేస్తున్నాను.

ఈ ఉత్తరం చదివి కాల్చేయమని రాయబోయాను. మళ్ళీ వద్దనిపించింది. ఆ ఇంటి ఆడవాళ్ళకు మగవాళ్ళ మాట తప్ప వేరే మాట లేదని రేపు ఎవరైనా అంటారు. అది నిజం కాదని తెలిసిన కాగితం ఎక్కడో ఒక పెట్టెలో ఉండాలి. అందుకే దాచు, వేదక్కా. బాలత్రిపురసుందరిగారికి కూడా చూపకు. ఎవరికీ చూపనక్కర్లేదు. ఉంటే చాలు.

నీ
మనోరమ